పిల్లిని వెతుకుతూ బహామాస్ వెళ్లిన డిటెక్టివ్



డిటెక్టివ్ నవల పట్టుకుని కూర్చున్నవాళ్లకు కొన్ని అలవాట్లు ఉంటాయి. మొదటి పది పేజీల్లో శవం కనబడాలి. వెంటనే డిటెక్టివ్ దిగాలి. పోలీసులు తొక్కుకుంటూ వెళ్లిపోయిన సిగరెట్ పీక అతని కంటపడాలి. ఆఖర్న అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మీదా అనుమానం పెట్టి తీసేసి, ఎవరూ అనుకోని మనిషి వైపు వేలు చూపించాలి. ఇవాళ మనం మాట్లాడుకోబోయే నవల ఈ అలవాట్లన్నిటినీ చెడగొడుతుంది. ఇందులో హత్య ఉంది. కాని హంతకుడెవరో పాఠకుడికి తెలియడానికి ఎక్కువసేపు పట్టదు. చచ్చిపోయినవాడు దయ్యమై తిరుగుతూ, ఒక్క ఫోన్ కాల్ చేసుకోవడానికి నానా అవస్థా పడుతుంటాడు. ఇక డిటెక్టివ్ మాటంటారా, కథ చాలా దూరం నడిచాకగాని రంగంలోకి రాడు. ఆఫీసులో మనం అతన్ని చూసేసరికి హత్య గొడవలో ఉండడు. పిల్లి తప్పిపోయిన ఒక పెద్దావిడతో బిల్లు గురించి ఫోన్లో వాదించుకుంటూ ఉంటాడు.

ఆ డిటెక్టివ్ పేరు డర్క్ జెంట్లీ. నవల పేరు ‘డర్క్ జెంట్లీస్ హోలిస్టిక్ డిటెక్టివ్ ఏజెన్సీ’. రాసినవాడు డగ్లస్ ఆడమ్స్. 1987లో లండన్‌లో హైన్‌మన్ సంస్థ అచ్చువేసింది. నవ్వుల పుస్తకంగా దీనికి పేరు. అది నిజమే. అయితే డిటెక్టివ్ నవలగా ఇది ఎంత గట్టిదో చెప్పుకున్నవాళ్లు తక్కువ. నా మాట ఇక్కడే చెప్పేస్తాను: ఆడమ్స్ మనల్ని ఎక్కడ నవ్విస్తాడో సరిగ్గా అక్కడే ఆనవాలు దాస్తాడు. మామూలు రచయితలు ఆనవాలును గదిలోని సామాను మధ్య పడేస్తారు. ఈయన జోకు కింద పెడతాడు. నవ్వేవాడు అనుమానించడు కదా.

ఆడమ్స్ గురించి రెండు ముక్కలు. 1952లో కేంబ్రిడ్జిలో పుట్టాడు. అక్కడే సెయింట్ జాన్స్ కాలేజీలో చదివాడు. లోకానికి ఆయన తెలిసింది రేడియో వల్ల. 1978 మార్చి 8న బీబీసీ రేడియో 4లో ‘ద హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ’ మొదటి భాగం ప్రసారమైంది. నవలగా వచ్చింది ఆ తరవాతే. అంటే చెవికి రాసి చేయి తిరిగినవాడన్నమాట. వినేవాడు వెనక్కి తిప్పి చూసుకోలేడు, విన్న మాట విన్నట్టే జారిపోతుంది, ఆ జారిపోవడాన్ని కూడా వాడుకోవచ్చు అన్న కిటుకు ఆయనకు రేడియోలోనే పట్టుబడి ఉంటుందని నా అనుమానం.

రాతలో మాత్రం మహా బద్ధకస్తుడు. గడువులు దాటించడంలో ఇంగ్లీషు రచయితల్లో ఆయనకు సాటి లేరనేవారు. హిచ్‌హైకర్ వరసలో నాలుగో నవల ఎంతకీ తెమలకపోతే, ప్రచురణకర్త సోనీ మెహతా ఆయన్ని లండన్‌లో ఒక హోటల్ గదుల్లో కూర్చోబెట్టి, తనూ పక్కనే మకాం వేసి, పేజీలు వసూలు చేశాడు. సోనీ మెహతా ఢిల్లీలో పుట్టినవాడు. ప్రపంచంలో ఇలాంటి రచయితను దారిలో పెట్టడానికి మనవాడే దొరికాడు.

ఇప్పుడు పిల్లి దగ్గరికి వద్దాం.

ఆ పెద్దావిడ శ్రీమతి సాస్కిండ్. ఆవిడ పిల్లి పేరు రోడరిక్. పిల్లిని వెతికిపెట్టమని డర్క్‌కు అప్పజెప్పింది. అతను పంపిన బిల్లులో మొదటి పద్దు, ఈ విశ్వంలో అన్నిటికీ అన్నిటితో ఉన్న సంబంధాల దిక్కు కనిపెట్టినందుకు రుసుము. రెండో పద్దు, ఆ దిక్కు పట్టుకుని వెళ్తే తేలిన చోటు బహామాస్ సముద్రతీరం కనుక, ప్రయాణానికీ బసకూ అయిన ఖర్చు. క్లయింటుకు తన మీద నమ్మకం లేకపోయినా ధైర్యం చెడకుండా పని సాగించినందుకు తాగిన పానీయాల ఖర్చు కూడా అందులో ఉంది. పిల్లికీ బహామాస్‌కూ సంబంధమేమిటని ఆవిడ అడిగితే, సంబంధం లేదని మీరు రుజువు చేయగలరా అన్నట్టు ఉంటుంది అతని జవాబు. వేలిముద్రలూ బూడిదా తన పని కాదంటాడు. సమస్య మొత్తం విశ్వంలో ఎక్కడ ఇరుక్కుందో చూస్తానంటాడు. దీన్నే తన ఏజెన్సీ ప్రత్యేకతగా చెప్పుకుంటాడు.

మనిషి ఆకారం కూడా ఆ బిల్లుకు తగ్గట్టే ఉంటుంది. కాస్త బొద్దుగా, పొడుగాటి తోలుకోటు, ఎర్ర టోపీ, దళసరి కళ్లద్దాలు, చొక్కాకు ఏమాత్రం పొసగని టై. సెక్రటరీకి జీతం బాకీ. ఆమె రోజుకోసారి ఉద్యోగం మానేస్తున్నట్టు ప్రకటిస్తుంది. విడాకుల గొడవలు తన ప్రత్యేకతల్లో ఒకటని ప్రకటించుకుంటాడు. తప్పిపోయిన పిల్లులు ఇంకొకటి.

ఇంతవరకు వింటే ఇతనొక మోసగాడు, అంతేనా అనిపిస్తుంది. ఆడమ్స్ చమత్కారం ఇక్కడ మొదలవుతుంది. ఇతను మోసగాడే. కాని ఇతను ఆడిన అబద్ధాలన్నీ నిజమై కూర్చుంటాయి. అదే ఇతని బాధ.

కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో ఇతని పేరు స్వ్లాద్ చెల్లి. తనకు అతీంద్రియ శక్తులు ఉన్నాయని ఎన్నడూ చెప్పలేదు. పైగా లేవని గట్టిగా చెప్పేవాడు. ఎంత గట్టిగా అంటే, ఇంతగా కాదంటున్నాడంటే ఏదో ఉండే ఉంటుందని కాలేజీ మొత్తం నమ్మేంత గట్టిగా. నిజానికి ఆ పుకారు పుట్టించిందీ పెంచిందీ అతనే. పరీక్షలు దగ్గరపడ్డాయి. నిద్రలో ప్రశ్నపత్రం తెలుస్తుందేమో చూద్దామని కొందరు అతన్ని పట్టుకున్నారు. బాగా బతిమాలించుకుని ఒప్పుకున్నాడు. అసలు పథకం మనకు బాగా తెలిసినదే. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ఈసారి ఏవి రావచ్చో లెక్క కట్టి, గెస్ పేపర్ తయారుచేసి అమ్ముకోవడం. పరీక్షల ముందు మన ఊళ్లలో పుస్తకాల షాపుల దగ్గర ‘వెరీ ఇంపార్టెంట్’ అని అట్ట మీద అచ్చేసి అమ్మే సరుకు లాంటిదే. నాలుగు ప్రశ్నలు తగిలితే చాలు, డబ్బు చేతికొస్తుంది, పేరూ నిలుస్తుంది.

తీరా పరీక్ష రోజున చూస్తే అతని పేపరూ అసలు పేపరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కామాలతో సహా. ప్రశ్నపత్రం దొంగిలించాడని పోలీసులు తీసుకుపోయారు. జైల్లో పెట్టారు. దొంగిలించలేదని అతనెంత మొత్తుకున్నా నమ్మేవాళ్లెవరు? మోసం చేశాను, దొంగతనం చేయలేదు అన్న సాకు ఏ కోర్టులో నిలబడుతుంది? బయటికొచ్చాక పేరు మార్చుకున్నాడు.

ఈ సంగతి చదువుతుంటే కడుపుబ్బ నవ్వొస్తుంది. నవ్వాక కాసేపు ఆగి ఆలోచిస్తే, రచయిత మనకు ఒక ముఖ్యమైన సమాచారం ఇచ్చి వెళ్లాడని తెలుస్తుంది. ఈ మనిషి ఊరికే అన్న మాట నిజమవుతుంది. కాబట్టి ‘అన్నిటికీ అన్నిటితో సంబంధం ఉంది’ అని బిల్లు కోసం చెప్పిన కబురు కూడా నిజమే అయి తీరుతుంది. నవలకు తాళంచెవి అదే.

అసలు కథ కేంబ్రిడ్జిలో మొదలవుతుంది. సెయింట్ సెడ్స్ అనే కాలేజీ, అది కల్పితం. అక్కడ కవి కోల్‌రిడ్జ్ పేరు మీద ఏటా ఒక విందు. రిచర్డ్ మక్‌డఫ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్ తన పాత గురువు ప్రొఫెసర్ క్రొనోటిస్‌ను కలవడానికి ఆ విందుకు వస్తాడు. అందరూ ఆయన్ని రెజ్ అంటారు. వయసెంతో ఆయనకే గుర్తుండదు. ఏం బోధిస్తాడో ఎవరికీ తెలియదు. కాలేజీలో ఎప్పటినుంచో ఉన్నాడు, అంతే. అదే రాత్రి రిచర్డ్ యజమాని గోర్డన్ వే హత్యకు గురవుతాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి కోట్లు గడించినవాడు. అనుమానం రిచర్డ్ మీద పడుతుంది. పాత సహాధ్యాయి కదా అని డర్క్ ఈ వ్యవహారంలో తలదూరుస్తాడు. అతనికి ఫీజు ఇస్తామని ఎవరూ అనలేదు.

ఇక్కడినుంచి గుట్టు విప్పక తప్పదు. ఏమీ తెలియకుండా పుస్తకం చదవాలనుకునే శ్రోతలు కాసేపు రేడియో గొంతు తగ్గించుకోండి. నేనేమీ అనుకోను.

ఆ విందులో ఒక ప్రొఫెసర్‌గారి చిన్న కూతురు విసుగ్గా కూర్చుని ఉంటుంది. పిల్లను నవ్వించడానికి రెజ్ ఒక గారడీ చేస్తాడు. బల్ల మీది ఉప్పుడబ్బాను మాయం చేస్తాడు. తరవాత శతాబ్దాల నాటి గ్రీకు మట్టిపాత్ర ఒకటి అందరి ముందూ పగలగొడితే, ఆ ఉప్పుడబ్బా లోపల మట్టిలో బిగుసుకుపోయి దొరుకుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. మనమూ మనసులో కొడతాం. ముసలాయన గారడీ కదా, దాని లోతుపాతులు మనకెందుకు?

రెజ్ గది పైన స్నానాలగదిలో గుర్రం ఉంటుంది. అవును, గుర్రమే. రెజ్ పైకి వెళ్లొచ్చి, గుర్రం ఉందని, వాన పడుతోందన్నంత తేలిగ్గా చెబుతాడు. రిచర్డ్ వెళ్లి చూస్తాడు. ఉంది. నింపాదిగా నిలబడి ఉంది. ఇద్దరూ దిగొచ్చి వేరే మాటల్లో పడతారు. ఈ ఘట్టంలో నవ్వకుండా ఉండటం కష్టం. గుర్రం అక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం ఆ నవ్వులో కొట్టుకుపోతుంది.

మూడోది సోఫా. రిచర్డ్ ఇంటి మెట్ల మలుపులో ఒక సోఫా ఇరుక్కుని ఉంది. పైకి పోదు, కిందికి రాదు. ఇంట్లోకి వెళ్లాలంటే దాని మీదుగా దూకి వెళ్లాలి. పాపం ప్రోగ్రామర్ కనుక కంప్యూటర్లో సోఫా బొమ్మ గీసి, దాన్ని ఎటు తిప్పితే బయటికొస్తుందో లెక్క వేయిస్తాడు. కంప్యూటర్ తేల్చిందేమిటంటే, రావడం అసాధ్యం. అది సరే, అసలు అక్కడిదాకా వెళ్లడం కూడా అసాధ్యమే అంది.

ఇక్కడొక పక్కదారి పడతాను, క్షమించండి. సోఫాను మలుపు తిప్పడం నిజంగానే గణితంలో ఒక సమస్య. 1966లో లియో మోజర్ అనే ఆయన దాన్ని లెక్కగా అడిగాడు: ఒక యూనిట్ వెడల్పున్న నడవా లంబకోణంలో మలుపు తిరిగితే, ఆ మలుపు దాటగలిగే అతి పెద్ద ఆకారం వైశాల్యం ఎంత? 1992లో జోసెఫ్ గెర్వర్ సుమారు 2.2195 చదరపు యూనిట్ల ఆకారాన్ని చూపించాడు. దానికంటే పెద్దది లేదని నిరూపించడం మాత్రం ఎవరివల్లా కాలేదు. 2024లో జినియాన్ బెక్ అనే కొరియా గణితజ్ఞుడు నిరూపణ చూపానని వందపేజీలు మించిన వ్యాసం వెలువరించాడు. ఇల్లు మారేటప్పుడు బీరువా మెట్లెక్కించే హమాలీలు ఈ లెక్కను కళ్లతోనే వేసుకుంటారు. వాళ్ల పద్ధతి ఏ వ్యాసంలోనూ ఉండదు.

నాలుగోది పద్యం. విందులో కోల్‌రిడ్జ్ కవిత ‘కుబ్లా ఖాన్’ను పైకి చదువుతారు. నవలలో ఆ చదవడం ఒకటి రెండు వాక్యాల్లో అయిపోతుంది. ఆ కవితలో మరింత వింతగా ఉండే రెండో భాగం కూడా చదివారని ఆడమ్స్ మాటవరసకు అన్నట్టు అంటాడు. సాహిత్యం చదివినవాళ్లకు కూడా కన్ను దాటిపోయే చోటు ఇది. ఎందుకంటే కుబ్లా ఖాన్‌కు రెండో భాగం లేదు. ఉన్నది 54 పంక్తులే. 1816లో అచ్చువేసినప్పుడు కోల్‌రిడ్జ్ ముందుమాటలో చెప్పుకున్న కథ ప్రసిద్ధమే. 1797లో పల్లెటూరి ఇంట్లో మందు వేసుకుని నిద్రపోయాడట. కలలో రెండు మూడువందల పంక్తుల కావ్యం వచ్చిందట. లేచి రాసుకుంటుంటే పోర్లాక్ అనే ఊరినుంచి ఎవడో పనిమీద వచ్చి గంటకు పైగా కూర్చున్నాడట. వాడు వెళ్లాక చూసుకుంటే కల చెదిరిపోయింది. అంటే నవల మొదట్లో మనం ఉన్న లోకం మన లోకం కాదు. ఆ మనిషి తలుపు తట్టని లోకం.

ఇప్పుడు ఈ నాలుగింటినీ ఒక దండకు గుచ్చండి. రెజ్ ఉంటున్న గదులే ఒక కాలయంత్రం. తలుపు తెరిస్తే ఏ కాలమైనా, ఏ చోటైనా. ఉప్పుడబ్బా గారడీ కోసం ఆయన నిజంగానే ప్రాచీన కాలానికి వెళ్లి, కుమ్మరిని పట్టుకుని, ఆ పాత్ర చేయించుకుని వచ్చాడు. చిన్నపిల్లను నవ్వించడానికి! గుర్రం ఆ తలుపులోంచే జొరబడింది. సోఫా మోసేవాళ్లకు మెట్ల దగ్గర ఒక్క క్షణం గోడలో ఆ తలుపు తెరుచుకుంది. సోఫా తిరిగింది. తలుపు మాయమైంది. సోఫా మిగిలింది. డర్క్ ఈ రహస్యాన్ని పట్టుకునే పద్ధతి కూడా చక్కగా ఉంటుంది. పెద్దలనెవర్నీ అడగడు. వీధిలో కనబడిన పిల్లాడికి ఆ గారడీ వర్ణించి, ఎలా చేసుంటాడని అడుగుతాడు. కాలయంత్రం ఉంటే తప్ప కుదరదని తేలుతుంది. పెద్దవాళ్లు అలాంటి జవాబు నాలుక చివరకు వచ్చినా మింగేస్తారు.

షెర్లాక్ హోమ్స్ సూత్రం మనందరికీ తెలుసు. అసాధ్యమైనవి తీసేయగా మిగిలింది, నమ్మశక్యం కాకపోయినా, నిజం. డర్క్ ఇందుకు ఒప్పుకోడు. రెండో నవలలో దీని మీద వాదిస్తాడు కూడా. జరగడానికి వీల్లేనిదంటే మనకింకా తెలియని సంగతి ఏదో ఉందన్నమాట. నమ్మశక్యం కానిదంటే మనకు తెలిసిన మనుషుల తీరుకు అది పొసగడం లేదన్నమాట. అందుకని అతని ఓటు అసాధ్యానికే. హాస్యానికి రాసినా ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. పోలీసు కథల్లో అమాయకుల మెడకు ఉచ్చు బిగిసేది చాలాసార్లు ‘ఇలా జరిగి ఉండవచ్చు’ అన్న సాఫీ కథ వల్లే.

ఈ నవలలో నాకు అన్నిటికంటే పదునుగా తోచింది మరొకటి. చచ్చిపోయిన గోర్డన్ వే కంపెనీ ఒకప్పుడు ‘రీజన్’ అనే ప్రోగ్రాం చేసింది. మామూలుగా కంప్యూటర్‌కు వివరాలిస్తే నిర్ణయం చెబుతుంది. ఇది తలకిందులు. నిర్ణయం ముందే ఇచ్చేయాలి. అక్కడికి చేరడానికి కావలసిన తర్కం, వాదనలు, అన్నీ ముచ్చటగా అదే అల్లిపెడుతుంది. ఆ ప్రోగ్రాంను మొత్తంగా పెంటగాన్ కొనేసిందని ఆడమ్స్ రాస్తాడు. 1987లో అది చురక. ఇప్పుడు ఏ టీవీ చర్చ పెట్టుకున్నా, ఏ కమిటీ నివేదిక తిరగేసినా ఆ ప్రోగ్రాం నడుస్తున్న చప్పుడే వినిపిస్తుంది.

దానికి జంట ఎలక్ట్రిక్ మంక్, అంటే యంత్రసన్యాసి. గిన్నెలు మన బదులు తోమే యంత్రం ఉన్నట్టే, మన బదులు నమ్మే యంత్రం. లోకంలో నమ్మవలసినవి ఎక్కువైపోయి తీరిక చాలక, ఒక గ్రహంవాళ్లు నమ్మకాల బరువు దీనికి అప్పగించారు. ఒక సన్యాసి చెడిపోయి ఏది పడితే అది నమ్మడం మొదలుపెడతాడు. ప్రపంచమంతా గులాబిరంగు అని కూడా నమ్ముతాడు. అతన్ని గుర్రంతో సహా ఎడారిలో వదిలేస్తారు. ఆ గుర్రమే స్నానాలగదిలోది. ఆ సన్యాసే హంతకుడు. నాలుగువందల కోట్ల ఏళ్ల కిందట భూమ్మీద ఒక అంతరిక్షనౌక పేలిపోవడానికి కారణం కూడా, అంతా సరిగ్గానే ఉందని ఒక ఇంజనీరు బదులు యంత్రసన్యాసి నమ్మడమే. ఆ పేలుడులోంచే ఇక్కడ జీవం పుట్టింది. ఆ ఇంజనీరు దయ్యం వెనక్కి వెళ్లి తప్పు దిద్దుకోవాలని చూస్తుంటాడు. దిద్దుకుంటే మనం ఉండం. కోల్‌రిడ్జ్ కలలోకి చొరబడినవాడు వాడే. అందుకని ఎవరో ఒకరు వెళ్లి కోల్‌రిడ్జ్ తలుపు తట్టి, ఆ కవిత పూర్తికాకుండా చూడాలి. ఎవరు వెళ్లారో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎదుటివాళ్ల పొద్దు తినడంలో డర్క్‌ను మించినవాడు లేడు.

ఈ సామానంతా కొత్తది కాదు. ఆడమ్స్ 1979లో బీబీసీ టెలివిజన్ సీరియల్ ‘డాక్టర్ హూ’కు స్క్రిప్ట్ ఎడిటర్‌గా పనిచేశాడు. అంతరిక్షనౌక పేలి జీవం పుట్టడమన్నది అప్పటి ‘సిటీ ఆఫ్ డెత్’ కథలోది. ప్రొఫెసర్ క్రొనోటిస్, సెయింట్ సెడ్స్ కాలేజీ ‘షాదా’ అనే కథలోవి. సమ్మె వచ్చి దాని చిత్రీకరణ మధ్యలో ఆగిపోయింది. ప్రసారం కాని కథను పారేయడం ఎందుకని నవలలోకి దింపుకున్నాడు. అయితే ఆ రెండు కథల్లోనూ లేనిది డర్క్. పాత సామాను ఇల్లయింది అతని వల్లే.

తికమక డిటెక్టివ్ మనకూ కొత్తవాడు కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, అసిస్టెంట్ రాజు ఎన్నడూ తడబడని తరం. ఆరుద్రగారు డిటెక్టివ్ నవలలు రాసినప్పుడు కూడా తెలివికి పెద్దపీట వేశారు. కాని తమిళంలో దేవన్ ‘ఆనంద వికటన్’ పత్రికలో ‘తుప్పరియుం సాంబు’ రాశాడు. సాంబు బ్యాంకు గుమాస్తాగిరీ పోయిన మనిషి. బుర్ర తక్కువ, అదృష్టం ఎక్కువ. కాలు జారి పడితే దొంగ మీద పడతాడు. మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి ‘చంటబ్బాయ్’ని 1986లో జంధ్యాలగారు చిరంజీవితో సినిమా తీశారు. జేమ్స్ పాండ్ అని చెప్పుకు తిరిగే పాండురంగారావు తనను తాను ఎంత గొప్పగా ఊహించుకుంటాడో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సినిమా అంటే నాకు ప్రాణం. కాని ఒక్క మాట అనక తప్పదు. శ్రీలక్ష్మి కవయిత్రి వేషం అజరామరం. అయినా ఆ ముక్క మొత్తం తీసేసినా చంటబ్బాయ్ ఎవరన్న చిక్కుముడి చెక్కుచెదరదు. నవ్వు ఒక పట్టాల మీద, కథ ఇంకో పట్టాల మీద నడుస్తాయి. 2019లో నెల్లూరు నేపథ్యంగా వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’లో నవ్వు సగం దారిలో దిగిపోయి, నేరం ఒక్కటే చివరిదాకా ప్రయాణిస్తుంది. అది మరో పద్ధతి, తప్పేమీ లేదు. ఆడమ్స్ పుస్తకంలో మాత్రం గుర్రాన్ని తీసేస్తే హత్య పోతుంది. సోఫాను తీసేస్తే కాలయంత్రం సాక్ష్యం ఒకటి తగ్గుతుంది. ఏ జోకునూ కత్తిరించడానికి లేదు.

లోపాలు లేవని కాదు. చివరి యాభై పేజీలు పరుగో పరుగు. ఇంత ఓపికగా పరిచిన ఆనవాళ్లను విప్పేటప్పుడు ఆడమ్స్‌కు తీరిక లేకపోయింది. కోల్‌రిడ్జ్ దగ్గర ఏం జరిగింది, ఎందుకు జరిగిందన్నది మొదటిసారి చదివినప్పుడు చాలామందికి అందదు. కుబ్లా ఖాన్ సంగతి తెలియని పాఠకుడికయితే కీలకమైన మలుపే కనబడదు. తెలుగులోకి తెచ్చేవారెవరైనా ఉంటే ముందుమాటలో ఆ కవిత కథ చెప్పకుండా వదలకూడదు. రిచర్డ్ ప్రేమించే సుసాన్ పాత్ర కూడా పలచన. ఆమె సెల్లో వాయిస్తుంది, అలుగుతుంది, అంతకుమించి పని ఇవ్వలేదు. ఆడవాళ్ల పాత్రల్లో బతికినదెవరంటే ఆ సెక్రటరీయే. ఉద్యోగం మానేస్తూనే ఫోన్ ఎత్తుతుంది.

రెండో నవల ‘ద లాంగ్ డార్క్ టీ-టైమ్ ఆఫ్ ద సోల్’ 1988లో వచ్చింది. అందులో డర్క్ ఇంకా దిగజారి ఉంటాడు. ప్రాణభయంతో వచ్చిన క్లయింటు దగ్గరికి పొద్దున్నే వెళ్లవలసినవాడు పడుకుని నిద్రపోతాడు. వెళ్లేసరికి ఆ పెద్దమనిషి తల ఒకచోట, మొండెం ఒకచోట. ఇంట్లో ఫ్రిజ్ తలుపు నెలల తరబడి తెరవలేదు. లోపల ఏం తయారై ఉందో అన్న భయం. ముందు ఎవరు తెరుస్తారా అని అతనూ పనిమనిషీ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. కారులో దారి తప్పితే, దారి తెలిసినట్టు కనబడే కారు ఏదో ఒకటి చూసుకుని దాని వెనకే పోతాడు. చేరవలసిన చోటికి చేరడు. కాని తను ఉండవలసిన చోటికి చేరుతుంటాడు. ఈ రెండో పుస్తకంలో దేవతలు ఆస్పత్రి పక్కల మీద పడుకుని ఉంటారు. నవ్వు ఎక్కువ, బిగువు తక్కువ. మొదటిదానికే నా ఓటు.

మూడోది పూర్తికాలేదు. 2001 మే 11న కాలిఫోర్నియాలో ఆడమ్స్ గుండెపోటుతో పోయాడు. నలభై తొమ్మిదేళ్లు. కంప్యూటర్‌లో మిగిలిన రాతలను మరుసటి ఏడు ‘ద సాల్మన్ ఆఫ్ డౌట్’ పేరుతో అచ్చువేశారు. డర్క్ కథ అందులో మధ్యలోనే తెగిపోతుంది.

టెలివిజన్‌వాళ్లు అతన్ని రెండుసార్లు తెరకెక్కించారు. బీబీసీలో స్టీఫెన్ మాంగన్ వేషం కట్టాడు. 2016లో మొదలైన అమెరికా సీరియల్లో శామ్యూల్ బార్నెట్ వేశాడు. రెండింటిలోనూ నవలలోని కథను ఉన్నదున్నట్టు తీసుకోలేదు. కథను కథగా ఇచ్చినది రేడియోనే. 2007లో బీబీసీ రేడియో 4 ఆరు భాగాలుగా ప్రసారం చేసింది. హ్యారీ ఎన్‌ఫీల్డ్ డర్క్ గొంతు. నాటకీకరించినవాడి పేరు డర్క్ మ్యాగ్స్. అది కాకతాళీయం కాదని డర్క్ జెంట్లీ వాదించి, అందుకో పద్దు బిల్లులో చేర్చి ఉండేవాడు.

బిల్లంటే గుర్తొచ్చింది. నవల చివర కాలం కాస్త అటూ ఇటూ సర్దుకున్నాక డర్క్ శ్రీమతి సాస్కిండ్‌కు ఫోన్ చేస్తాడు. ఆవిడ తన పిల్లి ఎప్పుడూ తప్పిపోలేదంటుంది. ఇన్నాళ్ల బాకీ ఒక్క దెబ్బతో గాలికి పోయింది. అతను కొత్త బిల్లు రాసుకుంటాడు. మానవజాతిని నాశనం కాకుండా కాపాడిన పద్దు కూడా అందులో ఉంది. దానికి రుసుము ఏమీ వేయలేదు.